చిక్కు ఈ పాఠంలో లేదు.. వెనక ఉంది!

‘క్లాసులో సార్‌ చెబుతుంటే అంతా అర్థమవుతోంది. రూముకొచ్చి పుస్తకం తెరిస్తే ఒక్కటీ రావడం లేదు.’ ఇంటర్‌లో చేరిన కొన్ని నెలలకే చాలామంది నోట వినిపించే మాట ఇది. మ్యాథ్స్‌ గురించీ ఫిజిక్స్‌ గురించీ కూడా అంటారు కానీ కెమిస్ట్రీ గురించి అన్నంతగా కాదు. పదో తరగతి ఫిజికల్‌ సైన్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లు సైతం హాఫ్‌ ఇయర్లీ పేపర్‌ చూసి కంగుతింటారు. అప్పుడే ఒక తీర్మానం జరిగిపోతుంది: ‘మనకు కెమిస్ట్రీ రాదులే, బట్టీ కొట్టేద్దాం’. మిగిలిన ఏడాదిన్నర ఆ తీర్మానం మీదే నడుస్తుంది.

దాని ఖరీదు తక్కువేమీ కాదు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నల్లో 40 కెమిస్ట్రీవే. జేఈఈ మెయిన్‌లో 300 మార్కుల్లో 100, నీట్‌లో 720లో 180 ఈ సబ్జెక్టువే. పైగా ఒక్కో ప్రశ్నకు పట్టే సమయం ఫిజిక్స్‌, మ్యాథ్స్‌ కంటే ఇక్కడే తక్కువ. కెమిస్ట్రీ బాగా వచ్చినవాళ్లు మిగిల్చుకున్న నిమిషాలు మిగతా సబ్జెక్టులకు పనికొస్తాయి. దీన్ని వదిలేసుకున్నవాళ్లు మార్కులతో పాటు ఆ సమయాన్నీ పోగొట్టుకుంటారు.

కాబట్టి ‘రాదు’ అని తేల్చేసే ముందు ఒక పని చేయండి. ఏది రావడం లేదో కనిపెట్టండి. ఎందుకంటే కెమిస్ట్రీలో మీరు ఆగిపోయిన చోటు ఒకటి, అసలు చిక్కు ఉన్న చోటు ఇంకొకటి. చాలాసార్లు ఆ రెండింటి మధ్యా నాలుగైదు పాఠాల దూరం ఉంటుంది.

పది లెక్కలతో పరీక్ష

సెకండియర్‌ ఎలక్ట్రోకెమిస్ట్రీలో నెర్నస్ట్‌ సమీకరణం లెక్క రావడం లేదనుకుందాం. సాధారణంగా ఏం చేస్తారు? నెర్నస్ట్‌ సమీకరణాన్ని ఇంకో పదిసార్లు చదువుతారు. ఇంకో లెక్చరర్‌ వీడియో చూస్తారు. అది కూడా అర్థమైనట్టే ఉంటుంది. లెక్క మాత్రం రాదు.

ఆ లెక్క చేయాలంటే ఏమేం తెలియాలో చూడండి. ఏ మూలకం ఆక్సీకరణ సంఖ్య ఎంత మారిందో చెప్పగలగాలి. రెండు అర్ధచర్యల్లో ఎలక్ట్రాన్ల సంఖ్యను సమం చేయగలగాలి. గాఢతల నిష్పత్తిలో ఏది పైన రాయాలో, ఏది కింద రాయాలో తెలియాలి. అది ఈక్విలిబ్రియం పాఠంలోది. ఆఖరికి లాగరిథమ్‌ వేయగలగాలి. ఈ నాలుగింట్లో మూడు ఫస్టియర్‌వే. మీకు రానిది నెర్నస్ట్‌ కాకపోవచ్చు, అక్కడ ‘ఎన్‌’ విలువ 2 ఎందుకైందో తెలియకపోవడం కావచ్చు.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. వేర్వేరు పాఠాల నుంచి మీరు చేయలేకపోయిన పది లెక్కలు తీసుకోండి. సొల్యూషన్‌ ముందు పెట్టుకుని ఒక్కో లైనూ కాగితంతో మూసి, కిందికి జరుపుతూ చదవండి. ‘ఇదెక్కణ్నుంచి వచ్చింది?’ అని ఏ లైను దగ్గర అనిపించిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పక్కన కారణం రెండు ముక్కల్లో రాయండి. ‘గ్రాముల నుంచి మోల్స్‌కు మార్చలేదు’, ‘మిల్లీలీటర్లు లీటర్లు చేయలేదు’, ‘లాగ్‌ తెలీదు’.. ఇలా.

పది పూర్తయ్యాక ఆ గుర్తులన్నీ ఒకచోట చూడండి. పది చోట్ల పది రకాల కారణాలుండటం అరుదు. మోల్‌, యూనిట్లు, ఆక్సీకరణ సంఖ్య, లాగ్‌.. ఎక్కువ గుర్తులు ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతాయి. మీరు బాగుచేసుకోవాల్సింది ముప్పై పాఠాల్ని కాదు, ఈ రెండు మూడు విషయాల్ని. అందుకోసం రెండు వారాల పాటు వెనక్కి వెళ్లినా నామోషీ పడాల్సిన పని లేదు. కాలేజీ ముందుకెళ్లిపోతుంటే మనం వెనక్కెళ్లడం భయంగానే ఉంటుంది. కానీ మోల్‌ రాకుండా సొల్యూషన్స్‌ పాఠం వినడమంటే, గుణింతాలు రాకుండా పేపర్‌ చదవబోవడమే.

ముందు మోల్‌ సంగతి తేల్చండి

అన్నిటికంటే ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ఇడ్లీ పిండికి మినపప్పు ఒక గ్లాసైతే రవ్వ రెండు గ్లాసులు. ఇంట్లో పప్పు మూడు గ్లాసులుంది, రవ్వ నాలుగు గ్లాసులే ఉంది. అమ్మ ఎంత పప్పు నానబెడుతుంది? రెండు గ్లాసులే. ఒక గ్లాసు పప్పు డబ్బాలో మిగిలిపోతుంది. మొత్తం చూస్తే రవ్వే ఎక్కువుంది, అయినా ముందు అయిపోయేది అదే. పిండి ఎంతవుతుందో తేల్చేదీ అదే. లిమిటింగ్‌ రీజెంట్‌ అంటే ఇంతకు మించి ఏమీ లేదు.

అయితే వంటింటికీ రసాయన చర్యకూ ఒక తేడా ఉంది. చర్యలో కొలత గ్లాసుల్లోనో గ్రాముల్లోనో ఉండదు, లెక్కలో ఉంటుంది. ఒక నైట్రోజన్‌ అణువుకు మూడు హైడ్రోజన్‌ అణువులు కావాలి, అప్పుడు రెండు అమ్మోనియా అణువులు వస్తాయి. ఒకటి, మూడు, రెండు.. ఇవి అణువుల సంఖ్యలు. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కనుక 6.022 × 10²³ చొప్పున కట్ట కట్టి ఆ కట్టకు మోల్‌ అని పేరు పెట్టారు. కోడిగుడ్లను డజన్లలో కొన్నట్టే. డజను గుడ్ల బరువూ డజను గుమ్మడికాయల బరువూ ఒకటి కానట్టే, ఒక మోల్‌ నైట్రోజన్‌ 28 గ్రాములు, ఒక మోల్‌ హైడ్రోజన్‌ 2 గ్రాములే.

ఇప్పుడు లెక్క. 28 గ్రాముల నైట్రోజన్‌, 8 గ్రాముల హైడ్రోజన్‌ ఉన్నాయి. చర్య పూర్తిగా జరిగితే ఎంత అమ్మోనియా వస్తుంది? గ్రాములు చూసి ‘హైడ్రోజన్‌ తక్కువుంది, అదే ముందు అయిపోతుంది’ అనేస్తే దెబ్బతిన్నట్టే. మోల్స్‌లోకి మార్చండి. నైట్రోజన్‌ 1 మోల్‌, హైడ్రోజన్‌ 4 మోల్స్‌. ఒక మోల్‌ నైట్రోజన్‌కు కావాల్సింది 3 మోల్స్‌ హైడ్రోజనే. కాబట్టి ముందు అయిపోయేది 28 గ్రాములున్న నైట్రోజన్‌. అమ్మోనియా 2 మోల్స్‌, అంటే 34 గ్రాములు. మిగిలిన హైడ్రోజన్‌ 2 గ్రాములు. సరిచూసుకోండి: మొదట 28, 8 కలిపి 36. చివర 34, 2 కలిపి 36. లెక్క కుదిరింది.

చివర్లో చేసిన ఆ సరిచూడటం చాలామంది చేయరు. అర నిమిషం కూడా పట్టదు. మీ జవాబు తప్పో ఒప్పో కీ చూడకుండానే తెలిసిపోతుంది.

మీరు పాత పుస్తకం వాడుతుంటే ఓ చిన్న మాట. మోల్‌ను 12 గ్రాముల కార్బన్‌-12తో నిర్వచించినట్టు అందులో ఉంటుంది. 2019 మే 20 నుంచి ఆ నిర్వచనం మారింది. ఇప్పుడు మోల్‌ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. మీ లెక్కలకు దీనివల్ల వచ్చే తేడా ఏమీ లేదు.

గ్రాముల నుంచి మోల్స్‌కు, మోల్స్‌ నుంచి కణాలకు, వాయువైతే ఘనపరిమాణానికి, ద్రావణమైతే మొలారిటీకి.. ఈ నాలుగు దారుల్లో రోజుకు ఐదు లెక్కల చొప్పున పది రోజులు చేయండి. ఆలోచించకుండా చేయి కదిలే దాకా చేయాలి. ఆ తర్వాత సొల్యూషన్స్‌ పాఠం తెరిచి చూడండి. సగం భారం తగ్గినట్టు మీకే తెలుస్తుంది.

కాగితం మీద గుండ్రాలు గీయండి

గ్లాస్గో విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ బోధన మీద పనిచేసిన అలెక్స్‌ జాన్‌స్టన్‌ ఈ సబ్జెక్టు ఎందుకు కష్టమో ఒక త్రిభుజంతో చెప్పాడు. ఒక మూల కంటికి కనిపించేది: రంగు మారడం, బుడగలు రావడం. రెండో మూల కంటికి కనిపించని అణువులూ అయాన్లూ. మూడో మూల గుర్తులు, సమీకరణాలు, సంఖ్యలు. తెలిసిన లెక్చరర్‌ ఒకే వాక్యంలో ఈ మూడింటి మధ్యా అటూ ఇటూ దూకేస్తుంటారు. కొత్తగా వింటున్న విద్యార్థి మూడో మూలలోనే ఉండిపోతాడు. అతనికి కనిపించేవి బోర్డు మీది అక్షరాలే.

ఒక ప్రశ్నతో మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి. మూసిన పాత్రలో కాల్షియం కార్బొనేట్‌ వేడికి విడిపోయి, కాల్షియం ఆక్సైడ్‌, కార్బన్‌ డయాక్సైడ్‌లతో సమతాస్థితిలో ఉంది. అందులో ఇంకొంచెం కాల్షియం కార్బొనేట్‌ వేస్తే సమతాస్థితి ఎటు జరుగుతుంది? ‘రియాక్టెంట్‌ పెంచాం కాబట్టి ముందుకు’ అన్నారా? లీషట్లియర్‌ నియమాన్ని బట్టీ పట్టిన వాళ్లంతా అదే అంటారు. ఎటూ జరగదు. ఘనపదార్థం ముద్ద పెద్దదైనా దాని గాఢత మారదు. లోపల రాయి ఒకటున్నా రెండున్నా ఆ ఉష్ణోగ్రత దగ్గర కార్బన్‌ డయాక్సైడ్‌ పీడనం అంతే ఉంటుంది. పాత్ర బొమ్మ వేసి, అడుగున రాయి, పైన గ్యాస్‌ అణువులు గుండ్రాలుగా గీసినవాళ్లకు ఈ జవాబు తట్టే అవకాశం ఎక్కువ. సమీకరణం మాత్రమే చూసేవాళ్లకు తట్టదు.

గోలీసోడానే తీసుకోండి. సీసా లోపల ఒత్తిడి మీద ఉన్న కార్బన్‌ డయాక్సైడ్‌ గోలీని పైకి నెట్టి రబ్బరు రింగుకు బిగించి ఉంచుతుంది. గోలీని కిందికి నొక్కగానే ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లలో కరిగి ఉన్న గ్యాస్‌ బయటికి పొంగుతుంది. హెన్రీ నియమం అదే. చల్లటి సోడాకు ఉన్న ఘాటు ఎండలో పెట్టిన సోడాకు ఎందుకుండదో కూడా ఆ పాఠంలోనే ఉంది. ఇలా ప్రతి నియమానికీ మీకు తెలిసిన ఒక వస్తువును పట్టుకోండి. దొరకకపోతే బొమ్మైనా వేయండి. బొమ్మ బాగుండాల్సిన పని లేదు.

జవాబు నమ్మేలా ఉందా?

ఫిజికల్‌ కెమిస్ట్రీలో ఫార్ములా తెలిసి కూడా మార్కులు పోయేది యూనిట్ల దగ్గరే. మంచు కరగడానికి డెల్టా హెచ్‌ మోల్‌కు 6.01 కిలోజౌళ్లు, డెల్టా ఎస్‌ మోల్‌కు కెల్విన్‌కు 22.0 జౌళ్లు. సమతాస్థితి ఉష్ణోగ్రత ఎంత? ఒకదాన్ని ఇంకోదానితో భాగించాలి, అంతే. 6.01ని 22తో భాగించేస్తే 0.27 వస్తుంది. అంటే 0.27 కెల్విన్‌ దగ్గర మంచు కరుగుతుందన్నమాట! కిలోజౌళ్లను జౌళ్లు చేసి 6010ని 22తో భాగిస్తే 273. ఇది మనకు తెలిసిన సున్నా డిగ్రీల సెల్సియస్‌.

ఇలాంటిదే ఇంకొకటి ఎంట్రన్సుల్లో తరచూ అడుగుతారు. 10⁻⁸ మొలార్‌ హైడ్రోక్లోరిక్‌ ఆమ్లం పీహెచ్‌ ఎంత? చేయి తిన్నగా 8 మీదికి వెళ్తుంది. ఆగండి. ఆమ్లాన్ని ఎంత పలచన చేసినా క్షారం అవుతుందా? నీటిలోనే 10⁻⁷ మేర హైడ్రోజన్‌ అయాన్లు ఉంటాయి కదా. వాటినీ కలుపుకుని లెక్క కడితే జవాబు సుమారు 6.98. లెక్క కట్టడం రాకపోయినా ‘7 కంటే కొంచెం తక్కువ’ అన్న ఊహ ఉంటే ఆప్షన్లలో సరైనది దొరుకుతుంది.

ఆర్గానిక్‌: ‘ఎక్కడికి పోతోంది?’ అని అడగండి

బట్టీ ఎక్కువగా జరిగేది ఆర్గానిక్‌లోనే. నేమ్‌ రియాక్షన్లన్నీ చార్టు మీద రాసి హాస్టల్‌ గోడకు అంటిస్తారు. వారం తర్వాత క్యానిజారోకూ ఆల్డాల్‌కూ తేడా అడిగితే రెండూ కలిసిపోతాయి. పేర్లు గుర్తున్నాయి, ఏది ఎప్పుడో గుర్తులేదు.

ఈ రెండింటినీ విడదీసే ప్రశ్న ఒక్కటే: ఆల్ఫా హైడ్రోజన్‌ ఉందా? కార్బొనైల్‌ గ్రూపు పక్క కార్బన్‌ మీద హైడ్రోజన్‌ ఉంటే క్షారం దాన్ని లాక్కోగలదు, ఆల్డాల్‌ దారి తెరుచుకుంటుంది. ఎసిటాల్డిహైడ్‌, ఎసిటోన్‌ ఇలాంటివి. ఫార్మాల్డిహైడ్‌లోనూ బెంజాల్డిహైడ్‌లోనూ ఆల్ఫా హైడ్రోజన్‌ లేదు. లాక్కోవడానికి ఏమీ లేదు కాబట్టి గాఢ క్షారంతో క్యానిజారో జరుగుతుంది. హెల్‌-వోల్‌హార్డ్‌-జెలిన్‌స్కీ చర్యకు బెంజోయిక్‌ ఆమ్లం ఎందుకు లొంగదో కూడా ఇదే ప్రశ్నతో తేలిపోతుంది. మూడు పేర్లు, ఒకే ప్రశ్న.

ప్రొపీన్‌కు హైడ్రోజన్‌ బ్రోమైడ్‌ కలిస్తే 2-బ్రోమోప్రొపేన్‌ ఎక్కువ వస్తుంది. దీన్ని మార్కోవ్నికోవ్‌ నియమం అని రాసుకుంటారు. నియమాన్ని పక్కనపెట్టి చూడండి. మొదట హైడ్రోజన్‌ వచ్చి చేరాక మధ్యలో ధనావేశమున్న కార్బన్‌ ఏర్పడుతుంది. చుట్టూ ఆల్కైల్‌ గ్రూపులు ఎక్కువుంటే ఆ ఆవేశం కొంత సర్దుకుని స్థిరంగా ఉంటుంది. బ్రోమైడ్‌ అక్కడికే వెళ్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే టర్షియరీ హాలైడ్‌ ఎస్‌ఎన్‌1 దారిలో ఎందుకు సులువుగా వెళ్తుందో, టర్షియరీ ఆల్కహాల్‌ నుంచి నీటిని తీసేయడం ఎందుకు తేలికో వేరే నేర్చుకోనక్కర్లేదు.

అందుకే ఏ చర్య చదివినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎలక్ట్రాన్లు ఎక్కువ ఉన్నదెవరు? తక్కువ ఉన్నదెవరు? మధ్యలో ఏర్పడేది నిలబడుతుందా? ఎలక్ట్రాన్లు వెళ్లే దారిని వంపు బాణంతో మీ చేత్తో గీయాలి. పుస్తకంలో ఉన్న బాణాన్ని కళ్లతో చూసి తలూపితే లాభం లేదు. జనరల్‌ ఆర్గానిక్‌ కెమిస్ట్రీ అనే చిన్న భాగాన్ని ఫస్టియర్‌లో తొందరగా దాటించేస్తుంటారు. ఇండక్టివ్‌, రెజొనెన్స్‌ ప్రభావాలు అందులోనే ఉన్నాయి. క్లోరోఎసిటిక్‌ ఆమ్లం ఎసిటిక్‌ ఆమ్లం కంటే ఎందుకు బలమైనది, ఫినాల్‌ ఇథనాల్‌ కంటే ఎందుకు ఆమ్లగుణం ఎక్కువ చూపిస్తుంది.. సెకండియర్‌లో వచ్చే ఇలాంటి పోలికలన్నిటికీ తాళంచెవి అక్కడే ఉంది. సెలవుల్లో ఒక వారం దీనికివ్వండి.

ఇనార్గానిక్‌లో బట్టీ తప్పదు, కానీ..

ఇక్కడ నిజం చెప్పుకోవాలి. కొన్ని విషయాలు గుర్తుపెట్టుకోవాల్సిందే. ఖనిజాల పేర్లకూ వాటి ఫార్ములాలకూ కారణం వెతికి లాభం లేదు. అయితే బట్టీ పట్టేముందు కారణం ఉన్నవాటిని విడిగా తీసేయండి. మిగిలేది మీరు భయపడినంత ఉండదు. నైట్రోజన్‌ మొదటి అయనీకరణ శక్తి ఆక్సిజన్‌ కంటే ఎక్కువ, ఎందుకంటే దాని 2పీ సగం నిండి ఉంది. జింక్‌ అయాన్‌కు రంగు లేదు, 3డీ పూర్తిగా నిండింది. కాపర్‌ 2+ ద్రావణం నీలంగా ఉంటుంది, అక్కడ ఖాళీ ఉంది. పర్మాంగనేట్‌లో మాంగనీస్‌కు డీ ఎలక్ట్రాన్లే లేవు, మరి అంత ఊదా రంగెక్కడిది? దాని కారణం వేరే: ఆక్సిజన్‌ నుంచి లోహానికి ఎలక్ట్రాన్‌ ఆవేశం బదిలీ కావడం. ఇలాంటి మినహాయింపులను విడిగా ఒక పేజీలో రాసుకోండి. పేపర్‌ సెట్‌ చేసేవాళ్లకు అవంటే ఇష్టం.

ఇక గుర్తుపెట్టుకునే పద్ధతి. నోట్సును మళ్లీ మళ్లీ చదవడం హాయిగా ఉంటుంది, తెలిసినట్టే అనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. అమెరికాలో సెయింట్‌ లూయిస్‌లోని వాషింగ్టన్‌ యూనివర్సిటీ పరిశోధకులు రోడిగర్‌, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని మళ్లీ చదివారు. ఇంకొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు ముందున్నారు. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత కాదు కదా. పాఠం అయ్యాక తెల్లకాగితం తీసి గుర్తున్నదంతా రాయండి, తర్వాత పుస్తకం తెరిచి ఖాళీలు ఎర్రపెన్నుతో నింపండి. రెండ్రోజులకోసారి, వారానికోసారి మళ్లీ చేయండి. రంగురంగుల హైలైటర్ల ఖర్చూ మిగులుతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చారా?

పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లిష్‌ మీడియంలో చేరినవాళ్లకు కెమిస్ట్రీ రెండింతల బరువు. వాళ్లకు తెలిసిన విషయాన్నే తెలియని పేరుతో చెబుతుంటారు. ‘రిడక్షన్‌’ అనగానే బ్లాంక్‌ అయిపోయిన విద్యార్థికి క్షయకరణం బాగా తెలిసే ఉండొచ్చు. నోట్సు వెనక పేజీల్లో రెండు వరుసల పట్టిక పెట్టుకోండి. ద్రావితం సొల్యూట్‌, ద్రావణి సాల్వెంట్‌, సమతాస్థితి ఈక్విలిబ్రియం, ఉత్ప్రేరకం కెటలిస్ట్‌.. రోజుకు ఐదు మాటలు చాలు. నెలన్నరలో గట్టెక్కుతారు.

తెలుగు మాట తెలియడం ఒక్కోసారి మేలు కూడా. క్షయం అంటే తగ్గడం. ఎలక్ట్రాన్లు వచ్చి చేరుతుంటే తగ్గడం అంటారేమిటని ఎవరికైనా సందేహం రావాలి. తగ్గేది ఆక్సీకరణ సంఖ్య. ఎలక్ట్రాన్‌ది రుణావేశం కాబట్టి అది వచ్చిన కొద్దీ సంఖ్య కిందికి దిగుతుంది. ఇంత ఆలోచించినవాళ్లు ఆక్సీకరణ, క్షయకరణాలను ఇక తారుమారు చేయరు. మీ బుర్రలో ఆలోచన తెలుగులో నడిస్తే నడవనివ్వండి, జవాబు ఇంగ్లిష్‌లో రాస్తే సరిపోతుంది. జేఈఈ మెయిన్‌, నీట్‌ ప్రశ్నపత్రాలు తెలుగులోనూ ఉంటాయి. ఏ భాషలో రాయాలో చివరి నిమిషంలో తేల్చుకోవద్దు. అందులోని పరిభాష మీరు చదివిన మాటలతో కలుస్తోందో లేదో పాత పేపర్లు చూసి ముందే నిర్ణయించుకోండి.

సమయం తక్కువుంటే

హాస్టల్‌ స్టడీ అవర్లలో మీకంటూ ఎక్కువ సమయం దొరకదు. ఉన్నదాంట్లో రోజుకు నలభై నిమిషాలు వెనకటి పాఠాల రిపేరుకు పక్కన పెట్టండి, మిగతాది కాలేజీ షెడ్యూలుకే. సందేహం అడిగేటప్పుడు ‘సార్‌, ఈ లెక్క రాలేదు’ అనకండి. ‘సార్‌, మూడో లైన్లో 2తో ఎందుకు గుణించారు?’ అనండి. మొదటిదానికి లెక్చరర్‌ లెక్కంతా మళ్లీ చేసి చూపిస్తారు, మీరు మళ్లీ తలూపుతారు. రెండోదానికి ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది. లెక్చరర్‌ తీరిక లేకుండా ఉంటే పక్క బెంచీ అక్కనో అన్ననో అడగండి. తప్పేం లేదు.

పరీక్షలు రెండు నెలల్లోకి వచ్చేశాయనుకుంటే మోల్‌ రిపేరు, జనరల్‌ ఆర్గానిక్‌, కెమికల్‌ బాండింగ్‌.. ఈ మూడూ ముందు. మీ బోర్డు సిలబస్‌నూ మీరు రాసే ఎంట్రన్స్‌ సిలబస్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ ఇటీవల కొన్ని పాఠాలు తీసేసింది, జేఈఈ మెయిన్‌, నీట్‌ సిలబస్‌లు కూడా మారాయి. అన్న చదివిన మెటీరియల్‌లో ఉన్నదంతా మీకు అక్కర్లేకపోవచ్చు.

ఇక, మార్కుల భయంతో నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం దాకా వస్తే అది స్టడీ టెక్నిక్‌లతో తీరేది కాదు. ఇంట్లో చెప్పండి. చెప్పలేకపోతే టెలీమానస్‌ నంబర్‌ 14416కు ఫోన్‌ చేయండి. డబ్బులేమీ అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంటర్‌లో సబ్జెక్టు పోయినా సప్లిమెంటరీ ఉంది.

ల్యాబ్‌ను వదలొద్దు

ప్రాక్టికల్స్‌ అంటే సీనియర్‌ రికార్డు చూసి కాపీ చేసే కార్యక్రమంగా మారిపోయింది. కానీ ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ ఒకేచోట కనిపించేది అక్కడే. ఆక్సాలిక్‌ ఆమ్లంతో పర్మాంగనేట్‌ టైట్రేషన్‌ చూడండి. రెండు పర్మాంగనేట్‌ అయాన్లకు ఐదు ఆక్సలేట్‌లు కావాలి. ఆ రెండు-ఐదు మోల్‌ లెక్క. మాంగనీస్‌ +7 నుంచి +2కు రావడం క్షయకరణం. విడిగా ఇండికేటర్‌ వేయకపోవడానికి కారణం పర్మాంగనేట్‌ రంగే. మోర్‌ లవణంతో చేసేటప్పుడు ఫ్లాస్కును వేడి చేయరు, ఆక్సాలిక్‌ ఆమ్లంతో చేసేటప్పుడు 60-70 డిగ్రీలకు వేడి చేయమంటారు. ఒకదానికి వేడి అక్కర్లేదు, రెండోదానికి కావాలి. కైనెటిక్స్‌ పాఠం గుర్తు తెచ్చుకుని, ఈ తేడా ఎందుకో మీ రికార్డులో ఆ వాక్యం పక్కన పెన్సిల్‌తో మీ మాటల్లో రాసి, రేపు లెక్చరర్‌కు చూపించండి.